వెనక నుంచి పిలవని ఇమాంబీ

ఇమాంబీ ఎవరినైనా పిలవాలంటే ముందు వాళ్లని దాటి వెళ్లాలి. బందరులో వాళ్ల సందులో ఈ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. కూరగాయల బండి మలుపు తిరిగిపోతుంటే మిగతా ఆడవాళ్లు గుమ్మంలో నిలబడే "ఓ వంకాయలబ్బాయ్!" అని కేకేస్తారు. ఇమాంబీ మాత్రం కొంగు బిగించి పరుగు తీస్తుంది. బండిని దాటి, నాలుగడుగులు ముందుకెళ్లి, వాడికి ఎదురుగా నిలబడి, రొప్పుతూ, "అరకిలో వంకాయలియ్యి నాయనా" అంటుంది. "మా ఇమాంబక్క బేరమాడాలంటే ముందు పరుగుపందెంలో నెగ్గాలి" అని ఎదురింటి కోటమ్మ ఏళ్ల తరబడి ఏడిపిస్తూనే ఉంది. ఇమాంబీ నవ్వేసి ఊరుకుంటుంది. అది ఆవిడకి బాగా అలవాటైన పని.

బయటికి వెళ్లేవాళ్లని వెనక నుంచి పిలవకూడదన్న పట్టింపు మనందరికీ ఉన్నదే. ఎవరన్నా పొరపాటున పిలిస్తే మొహం చిట్లించుకుని వెనక్కి వస్తాం, కాసేపు కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగుతాం, మళ్లీ బయల్దేరతాం. ఇమాంబీది మంచినీళ్లు తాగితే పోయే పట్టింపు కాదు. ఆవిడకి నిజంగానే భయం. ఎవరి వీపు చూసినా గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆ భయం పుట్టిన ఊరి పేరు సున్నపుదిబ్బ. బందరు నుంచి సముద్రం వైపు వెళ్తూ రొయ్యల చెరువులన్నీ దాటితే వస్తుంది. ఊరి వెనక కనుచూపుమేరా పర్ర, అంటే పంటకి పనికిరాని ఉప్పునేల. ఒకప్పుడు ఆ పర్రని తవ్వితే గుల్ల దొరికేది. ఎప్పుడో సముద్రం వదిలేసి పోయిన నత్తగుల్లలూ ఆల్చిప్పలూ మన్ను కింద పొరలు పొరలుగా ఉండేవి. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు పాయలో కడిగి జల్లెడ పట్టేవారు. బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల పేర్చి కాల్చేవారు. కాలిన గుల్ల మీద నీళ్లు చల్లితే బుసబుసమంటూ విరిగి తెల్లటి సున్నం అయ్యేది. ఇటు దివిసీమలో, అటు గుడివాడ వైపు ఎన్ని ఇళ్ల గోడలు ఆ సున్నంతో తెల్లబడ్డాయో, ఎంతమంది నోళ్లు ఆ సున్నంతో పండాయో లెక్కలేదు. తర్వాత సిమెంటు వచ్చింది, రంగుడబ్బాలు వచ్చాయి, బట్టీలు చల్లారిపోయాయి. తవ్విన గుంటలు మాత్రం ఎవరూ పూడ్చలేదు. అవి వానలకి నిండుతాయి, ఎండలకి పైన అట్టకడతాయి. అట్ట కింద మనిషిని మింగేంత ఊబి.

ఇమాంబీ పెనిమిటి అమానుల్లా ఆ గుంటల్లోనే గుల్ల తవ్వేవాడు. నిండా పాతికేళ్లు లేని కుర్రవాడు, మనిషి కంటే ముందు నవ్వు కనపడేదట. ఒకరోజు ఇమాంబీ ఏడో నెల కడుపుతో అన్నం క్యారేజీ పట్టుకుని పర్రలోకి వెళ్లింది. అంతకుముందు ముసురు పట్టి గట్లన్నీ జారుడుగా ఉన్నాయి. అమానుల్లా తడిగుల్ల తట్ట నెత్తిన పెట్టుకుని రెండో బట్టీ పక్కనున్న గుంట గట్టు మీద నడుస్తున్నాడు. "ఇదిగో, అన్నం తెచ్చా" అని పిలిచింది ఇమాంబీ. అతను గిరుక్కున తిరిగాడు. మనిషి తిరిగినంత సులువుగా నెత్తి మీద బరువు తిరగదు. తట్ట ఒక పక్కకి ఒరిగింది, కాలు ఇంకో పక్కకి జారింది. గుంటలో పడ్డవాణ్ని నలుగురూ పరుగెత్తుకొచ్చి పైకి లాగేసరికి ఊపిరి లేదు.

"వెనక నుంచి పిలిచి చంపుకుంది" అంది అత్త. ఒక్కసారే అంది, ఊరందరి ముందూ అంది. ఆ ముసలావిడకి కడుపుకోత, కాదనను. కానీ వానని తిట్టలేదు. గట్టు మీద నాలుగు తట్టల ఇసుకైనా పోయించని బట్టీ కామందుని అసలే తిట్టలేదు. ఎదురుగా కడుపుతో నిలబడ్డ కోడలు కనపడింది, చాలు. కోపం వస్తే దగ్గర్లో ఉన్న ఆడదాని మీద పడటం మనకి కొత్తేమీ కాదు. ఇమాంబీ ఆ మాటకి ఎదురు చెప్పలేదు, ఎందుకంటే నమ్మేసింది. తన గొంతే తన మొగుణ్ని తోసేసిందని నమ్మేసింది.

పిల్ల పుట్టాక బందరు వచ్చేసింది. పెడనలో కలంకారీ షెడ్డులో అద్దకం గుడ్డలు ఉతికే పని దొరికింది. రోజూ బస్సెక్కి పోవడం, మోకాళ్ల లోతు కాలవ నీళ్లలో నిలబడి గుడ్డలు జాడించడం, సాయంత్రానికి ఇంటికి రావడం. ఆ చేతులతోనే కూతురు అర్షియాని డిగ్రీ దాకా చదివించింది. పిల్లని ఒక్కరోజు కూడా వెనక నుంచి పిలవలేదు. స్కూలుకి పోతూ టిఫిన్ డబ్బా మర్చిపోతే సందు చివరి దాకా పరుగెత్తి ఎదురొచ్చి ఇచ్చేది. "మా అమ్మ నా ముందు ప్రత్యక్షమవుతుంది" అని పిల్ల స్నేహితులకి గొప్పగా చెప్పుకునేది. నాన్న ఎలా పోయాడని అడిగితే వానలో కాలు జారాడని చెప్పింది. అబద్ధమేమీ కాదు. పిలుపు సంగతి మాత్రం మింగేసింది.

ఆ తల్లి అన్నేళ్లు కడుపులో దాచుకున్న ఊరికి కూతురు తనంతట తనే దారి వెతుక్కుంది. అర్షియా ఇప్పుడు బందరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఆ ల్యాబుకి వచ్చిన మాధురి అనే కాలేజీ లెక్చరర్ మాటల్లో మాటగా చెప్పింది, సున్నపుదిబ్బ బట్టీలు చూపించడానికి ఆదివారాలు నడక పెడుతున్నామని, ముళ్లకంపలు కొట్టడానికీ వచ్చినవాళ్లని తిప్పి చూపించడానికీ వాలంటీర్లు కావాలని. గుల్ల తవ్వి బతికిన మనుషుల్ని ఎవరూ తలుచుకోవడం లేదని మాధురి బాధ. అర్షియా ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, మన ఊరు వెళ్తున్నాను" అంది.

ఇమాంబీ చేతిలో అన్నం గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏ ఊరు?"

"సున్నపుదిబ్బ. నాన్న పనిచేసిన చోటమ్మా. ఆ బట్టీల చుట్టూ పెరిగిన తుమ్మ కంపలు కొట్టి బాగుచేస్తున్నారు. నేనూ వస్తానని పేరిచ్చాను."

"వద్దు తల్లీ."

"ఎందుకొద్దు?"

ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఇమాంబీ సాకులు వెతికింది. తలనొప్పి అంది, ఎండ అంది, పాములుంటాయంది. అర్షియా నవ్వి, "పాములు అందరికీ ఉంటాయి, నా ఒక్కదానికే కాదుగా" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "నాన్న పడిపోయిన గుంట ఏదమ్మా? అక్కడికెళ్లి నిలబడాలని ఉంది. నాన్న ఆత్మశాంతికి ఒక ఫాతిహా చదువుకుని వచ్చేస్తాను."

"గుర్తు లేదు" అంది ఇమాంబీ.

గుర్తు లేకపోవడమా! కళ్లు మూసుకుంటే చాలు, ఆ గుంట ఎదురుగా వచ్చి నిలబడుతుంది. కానీ చెబితే పిల్ల అక్కడికే పోతుంది. గట్టు అంచున నిలబడుతుంది. చేతులు రెండూ ఎత్తి, కళ్లు మూసుకుని నిలబడుతుంది.  చెప్పకపోతే వెళ్లదు కదా అనుకుంది ఇమాంబీ. అలా అనుకోవడంలో తప్పేముందో అప్పుడు ఆవిడకే కాదు, ఎవరికీ తట్టదు.

మూడు నాలుగు ఆదివారాలు కూతురు వెళ్లొచ్చింది. వెళ్లిన ప్రతిసారీ ఇమాంబీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. కోటమ్మ వచ్చి పలకరిస్తే పలికేది కాదు. స్కూటీ చప్పుడు వినపడ్డాకే లేచి పొయ్యి వెలిగించేది. ఇలా కాదని ఒకరోజు తనే మాధురికి ఎదురెళ్లి, అంటే నిజంగానే రోడ్డు దాటి ఎదురెళ్లి, "నేను కూడా వస్తాను మేడమ్ గారూ" అంది.

మాధురి సంబరం ఇంతా అంతా కాదు. "మీరొస్తే ఇంకేం కావాలి పిన్నిగారూ! మీరు ముందు నడవండి, మేమంతా మీ వెనక వస్తాం."

"ముందొద్దు. అందరికంటే వెనక ఉంటాను."

ముందు నడిస్తే కూతురు కనపడదు. వెనకుంటే కళ్లెదుటే ఉంటుంది. అదీ ఆవిడ లెక్క. అలా ఇమాంబీ సున్నపుదిబ్బ నడకకి ఆఖరి వాలంటీరు అయింది. ఎవరూ వెనకబడిపోకుండా చూసుకోవడం పని. నారింజ రంగు చొక్కా ఒకటిచ్చి చీర మీద తొడుక్కోమన్నారు. దాన్ని తొడుక్కుని అద్దంలో చూసుకుని "గ్యాస్ బండలు మోసేవాడిలా ఉన్నాను" అంది. అర్షియా పడీపడీ నవ్వింది.

ఆ నడకలకి వచ్చే జనాన్ని చూడాలి. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి, విజయవాడ నుంచి కూడా వస్తారు. టోపీలు, నల్లకళ్లద్దాలు, భుజానికి నీళ్లసీసాలు. గుల్లసున్నం అంటే ఏమిటో తెలీదు గానీ దాని ముందు నిలబడి ఫోటో మాత్రం కావాలి. వాళ్లలో గుడివాడ పిచ్చేశ్వరరావు గారు ఒకరు. ధాన్యం వ్యాపారం చేసి మానేసిన పెద్దమనిషి, బొద్దుగా ఉంటారు, నాలుగడుగులకోసారి ఆగి "ఆహా" అంటారు. ఎంత వెటకారం చేసినా ఒక మాట ఒప్పుకోవాలి. చేతులు చీరుకుపోతున్నా తుమ్మ కంపలు కొట్టింది వాళ్లే. కూలిపోయిన బట్టీ గోడకి ఇటుకలు అందించింది వాళ్లే. దారి తెలిసేలా గట్టు వెంట రాళ్లు పాతి వాటికి సున్నం కొట్టిందీ వాళ్లే. ఊళ్లోవాళ్లు చూపించిన రెండు పెద్ద గుంటల చుట్టూ కంచె కూడా కట్టారు. "గట్టు దిగొద్దు" అన్నది మొదటి నియమం.

ఒకసారి మాధురి బలవంతం మీద ఇమాంబీ పాత జల్లెడ చేతిలోకి తీసుకుని పాయ ఒడ్డున గుల్ల కడిగి చూపించింది. చేతులకి అన్నీ గుర్తే. జల్లెడ అటూ ఇటూ ఊగుతుంటే బురద పోయి గుల్ల తెల్లగా మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చేశ్వరరావు గారైతే "ఏం చేతి పనమ్మా అది!" అని మురిసిపోయారు. కూతురి మొహం వెలిగిపోవడం ఇమాంబీ చూసింది. ఆ కాసేపు ఆవిడకి కూడా సంతోషమే అనిపించింది. సంతోషమనిపించినందుకు మళ్లీ భయమేసింది.

మూడో గుంట సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రెండో బట్టీ పక్కన అదెప్పుడో ఎండి, పైన మొక్కలు మొలిచి, మామూలు నేలలో కలిసిపోయింది. ఊళ్లో కొత్తతరం వాళ్లకి అక్కడ గుంట ఉందనే తెలీదు. దాని పక్క నుంచి నడిచినప్పుడల్లా ఇమాంబీ అటు చూడకుండా "బిస్మిల్లా" అనుకుంటూ గబగబా దాటిపోయేది. ఎవరూ గట్టు దిగరు కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేది. చెబితే కూతురికి తెలిసిపోతుంది. తెలిస్తే ఎందుకు దాచావంటుంది. ఒక మాట బయటికొస్తే దాని వెనక ఇంకో మాట, దాని వెనక అసలు మాట.

అంతలో తుపాను వచ్చింది. పర్ర మీద నుంచి సముద్రపు నీళ్లు పొర్లి వెళ్లాయి. నీళ్లు తీశాక మాధురి ఊళ్లోవాళ్లతో కలిసి దారంతా చూసి, గట్లు గట్టిగానే ఉన్నాయని తేల్చుకుని, మళ్లీ నడక పెట్టింది. వద్దని చెప్పడానికి ఇమాంబీకి చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు.

ఆ ఆదివారం పొద్దున మంచు విడిపోయి లేత ఎండ కాస్తోంది. ముందు మాధురి. ఆమె వెనక ఇద్దరు కుర్రవాళ్లు గుడ్డ బ్యానరు పట్టుకున్నారు, పెడనలో అచ్చు అద్దించిన ముతక నూలు బ్యానరు. తర్వాత జనం, జనం వెనక అర్షియా, అర్షియాకి బాగా వెనకగా ఇమాంబీ. గట్టు అక్కడ విల్లులా వంపు తిరుగుతుంది. జనమంతా వంపు దాటి, తుమ్మ చెట్ల అవతలున్న రెండో బట్టీ దగ్గరికి చేరుకున్నారు. మాటలు వినపడుతున్నాయి గానీ మనుషులు కనపడటం లేదు.

అర్షియా ఆగింది. గట్టు పక్కన, వంపు లోపల, నేలంతా తెల్లగా ఉంది. తుపాను నీళ్లు ఎక్కడెక్కడి గుల్లనో కొట్టుకొచ్చి అక్కడ పరిచేశాయి. నడక చివర ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు గుల్ల పెట్టి పంపడం అర్షియా పెట్టిన అలవాటు. ఈ పర్రలో గుల్ల తేలిన చోట నేల గట్టిగా ఉంటుందని ఊరి పెద్దవాళ్లు చెప్పారు, మామూలుగా అది నిజమే కూడా. పిల్ల చున్నీ నడుముకి చుట్టుకుని గట్టు దిగింది.

ఇమాంబీ పైప్రాణాలు పైనే పోయాయి.

అదే గుంట. అమానుల్లా పడిన గుంట. పైన గుల్ల ఉంది, గుల్ల కింద పల్చటి అట్ట, అట్ట కింద ఏముందో ఇమాంబీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. కూతురు వీపు కనపడుతోంది. ఒక్క కేక వేస్తే వినపడేంత దూరం. ఇమాంబీ నోరు తెరిచింది. గొంతు దాకా వచ్చిన పేరు అక్కడే ఆగిపోయింది. పిలిస్తే తిరుగుతుంది. తిరిగితే జారుతుంది. ఆవిడ కళ్లకి అక్కడ కూతురు కనపడలేదు, నెత్తిన తట్టతో గిరుక్కున తిరుగుతున్న మనిషి కనపడ్డాడు. తెరిచిన నోటిని అరచేత్తో మూసుకుంది. ఆపైన తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. ఎదురెళ్లడానికి పరుగెత్తింది.

గట్టు వంపు వెంట, చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో కూడా తెలీకుండా పరుగెత్తింది. నారింజ చొక్కా తుమ్మ కొమ్మకి పట్టుకుంటే చింపుకుని పరుగెత్తింది. ఓరకంటితో చూస్తోంది. పిల్ల రెండో అడుగు వేసి ఆగింది. అలాగే ఆగిపో తల్లీ, అక్కడే ఆగు, అల్లా, దాన్ని అక్కడే ఆపు. ఇమాంబీకి ఊపిరి అందడం లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం దూరం పోతే మొహం కనపడుతుంది, మొహం కనపడితే పిలవచ్చు. పిల్ల ఇంకో అడుగు వేసింది. తెల్లటి నేల పెరుగు మీద మీగడలా చీలింది. అర్షియా తొడల దాకా దిగిపోయింది.

ఇమాంబీ వంపు అవతలికి చేరి కూతురికి ఎదురుగా నిలబడేసరికి నల్లటి బురద పిల్ల నడుము దాటింది. అప్పుడు విడిపోయింది ఆవిడ గొంతు. "అర్షియా!" అని అరిచిన అరుపుకి రెండో బట్టీ దగ్గర జనమంతా ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చారు.

"కాళ్లు ఆడించకు! వెనక్కి పడుకో. నిద్రపోయేటప్పుడు పడుకుంటావే, అలాగ. చేతులు చాపు!"

పిల్ల బిక్కచచ్చిపోయి తల్లి కళ్లలోకే చూస్తూ చెప్పినట్టు చేసింది. మాధురి కాళ్లు చేతులు ఆడక నిలబడిపోయింది. పిచ్చేశ్వరరావు గారు మాత్రం ఆ శరీరంతో గట్టు మీద బోర్లా పడుకుని, "ఆ బ్యానరు ఇటివ్వండ్రా!" అని గద్దించారు. ముతక నూలు బ్యానరుని తాడులా మెలిపెట్టి విసిరారు. మూడోసారికి పిల్ల చంకల కిందికి చుట్టుకోగలిగింది. ఆయన కాళ్లని ఇద్దరు పట్టుకున్నారు, బ్యానరుని మిగతా అందరూ పట్టుకున్నారు. ఇమాంబీ గట్టు అంచున మోకాళ్ల మీద కూర్చుని లాగుతోంది, అరుస్తోంది, అల్లాని బతిమాలుతోంది. ఏది ఎప్పుడు చేస్తోందో ఆవిడకే తెలీదు. బురద అంత సులువుగా వదల్లేదు. చాలాసేపటికి జోడు పోగొట్టుకుని, చొక్కా చింపుకుని, అర్షియా గట్టు మీదికి వచ్చిపడింది. తల్లి పిల్లని ఒళ్లోకి లాక్కుని ఒళ్లంతా తడిమి చూసింది, పురిటి బిడ్డని తడిమినట్టు.

"మీరు ఎదురుగా ఉన్నారు కాబట్టి సరిపోయింది చెల్లెమ్మా" అన్నారు పిచ్చేశ్వరరావు గారు రొప్పుతూ. ఇమాంబీ ఆయన వైపు చూడలేకపోయింది.

ఇంటికి తీసుకొచ్చాక పెరట్లో పంపు దగ్గర కూతురిని కూర్చోబెట్టి నీళ్లు పోయసాగింది. బురద ఎంతకీ వదలడం లేదు. జుట్టులోంచి చిన్న చిన్న గుల్లలు రాలుతున్నాయి.  అర్షియా పళ్లు టకటకలాడుతున్నాయి. వణుకు కాస్త తగ్గాక తల వంచుకునే అంది.

"రెండో అడుగుకే నేల కదిలినట్టనిపించిందమ్మా. ఆగాను."

"చూశాను."

"వెనక నువ్వున్నావని తెలుసు. మామూలప్పుడు నువ్వు పిలవవని కూడా తెలుసు. కానీ ప్రాణం మీదికొస్తే పిలుస్తావనుకున్నాను. ఒక్క క్షణం చెవులు నీ వైపే పెట్టుకుని ఆగాను. నువ్వేమీ అనలేదు. అమ్మ ఏమీ అనలేదంటే గట్టి నేలేలే అనుకుని ఇంకో అడుగు వేశాను."

ఇమాంబీ చేతిలో చెంబు జారి గచ్చు మీద పడింది. గట్టు మీద కూడా అంత భయపడలేదు ఆవిడ. తన పిలుపు ఒకరి ప్రాణం తీసిందని ఇన్నేళ్లూ అనుకుంది. ఈ రోజు తన మౌనం ఇంకొకరి ప్రాణం తీసి ఉండేది. పిలిస్తే పోతారు, పిలవకపోతే పోతారు. మరి ఈ నోటితో మనిషి ఏం చెయ్యాలి? కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎందుకమ్మా పిలవలేదు?"

"నీకేమన్నా అవుతుందని భయమేసింది."

అర్షియాకి నవ్వు వచ్చింది, వచ్చి ఆగిపోయింది. తల్లి మొహం చూసి తడిచేతులతో ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు చెప్పింది ఇమాంబీ. ముసురు, అన్నం క్యారేజీ, గట్టు, "ఇదిగో" అన్న పిలుపు, అత్త మాట, రెండో బట్టీ పక్క గుంట, గుర్తు లేదని చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పింది. ముక్కలు ముక్కలుగా, ముందు చెప్పాల్సింది వెనక, వెనక చెప్పాల్సింది ముందు.  నాన్న గురించి పిల్ల కూడా కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక లేచి, పొడి బట్టలు కట్టుకుని, చెప్పులు లేని కాళ్లతోనే సందులోకి నడిచింది.

"ఎక్కడికే?"

"సందు చివరి దాకా. తిన్నటి సిమెంటు రోడ్డు, గుంటల్లేవు, గట్లు లేవు. నేను నడుస్తుంటాను. నువ్వు గుమ్మంలోంచే పిలువు."

"నా వల్ల కాదు అర్షియా."

"పరుగెత్తుకుని నా ముందుకి మాత్రం రాకు."

పిల్ల నడుస్తోంది. ఇమాంబీ గుమ్మం పట్టుకుని నిలబడింది.  పిల్ల కోటమ్మ ఇల్లు దాటింది, కరెంటు స్తంభం దాటింది. ఇంకాసేపుంటే మలుపు తిరిగి కనపడకుండా పోతుంది. కనపడకుండా పోవడం ఇమాంబీకి అన్నిటికంటే భయమనిపించింది.

"అర్షియా!"

పిల్ల వెనక్కి తిరిగింది. తిరిగి నిలబడింది. జారలేదు, ఒరగలేదు, ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నపు ఎండలో తడిజుట్టుతో నిలబడి తల్లిని చూస్తోంది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని తెలిశాక ఇమాంబీకి ఏడుపు ఆగలేదు. అలా ఏడుస్తూనే మళ్లీ పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది, స్కూలుకి పోయే రోజుల్లో పిలవనివీ, కాలేజీకి పోయే రోజుల్లో పిలవనివీ అన్నీ కలిపి గొంతు బొంగురుపోయేలా పిలిచింది. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. చేతికి అంటుకున్న పిండితోనే కోటమ్మ కంగారుగా బయటికి పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, ఏమైంది?" అని అడిగింది.

"ఏం కాలేదు పిన్నీ," అంది అర్షియా కళ్లు తుడుచుకుంటూ, "మా అమ్మ నన్ను పిలుస్తోంది."